నక్క చెరువులో పచ్చి పెంకులు

కాలువ గట్టున బాతుకో చెరువు, పక్కనే నక్కకో చెరువు. బాతు చేపలు బొద్దుగా ఎగిరెగిరి పడుతుంటే, నక్క చేపలు వేలెడంతకు మించి ఎదగలేదు. నక్కకు కంటి మీద కునుకు లేదు. వచ్చే నెల కూతురి పెళ్లి. మగపెళ్లివారికి చేపల విందు పెడతానని ఊరూవాడా చాటేసింది మరి!

"బాతక్కా, నీ చేపలకు ఏం పెడుతున్నావు?" అని అడిగితే పోయేది. అడగడమా, అదీ ఒక బాతుని! పొద్దున్నే వెళ్లి పొదలో నక్కి కూర్చుంది.

రొయ్యలు ఒలిచే షెడ్డు వెనక పారబోసిన పెంకులను బాతు బుట్టకెత్తుకుని గట్టుకు తెచ్చింది. ఎండెక్కింది. నక్క హాయిగా నిద్రపోయింది. లేచేసరికి సాయంత్రం. బాతు చెరువులో చేపలు మేత కోసం ఎగబడుతున్నాయి.

"ఓస్, ఇంతేనా!" అనుకుంది నక్క.

బాతు ఆ పెంకులను కడిగి, కరకరలాడేలా ఎండబెట్టి, మెత్తగా దంచి, తవుడులో పిడికెడే కలిపిన సంగతి అది చూడనే లేదు.

చీకటి పడకముందే, కంపు కొడుతున్న పచ్చి పెంకులను బుట్టలకొద్దీ తెచ్చి తన చెరువులో గుమ్మరించింది. తెల్లారి చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి! నోళ్లయితే తెరిచాయి గానీ, పాపం, మాట రాలేదు.

బాతు అదిరిపడింది. "అయ్యో తమ్ముడూ, వాటికి ఊపిరాడట్లేదు! నీళ్లలో ఏం కలిపావు?"

పొదలో దాక్కుని చూశానని నక్క ఎలా చెబుతుంది? "ఏమీ లేదే! రోజూ వేసే తవుడే."

"నిజం చెప్పరా. నీళ్లు కంపు కొడుతున్నాయి."

"నీకు కళ్లు కుట్టాయిలే అక్కా. ఆకలికి నోళ్లు తెరుస్తున్నాయి, కనబడట్లా?" అంటూ బాతును పంపేసి, అది అటు వెళ్లగానే ఇంకో బుట్ట పెంకులు దిమ్మరించింది.

మధ్యాహ్నానికి చెరువంతా తెల్లబడిపోయింది. అన్నీ పొట్టలు పైకి తేలి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి బతకలేదు! చెబుతుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తోంది.

నక్క గట్టు మీద కూలబడింది. "నిన్న బాగానే ఉన్నాయి కదక్కా..." అంటూ జరిగిందంతా కక్కేసింది.

బాతు చెరువుకేసి చూసింది. "ఎంత పని చేశావురా! పొద్దున ఆ ఒక్క ముక్క చెబితే, తూము తెరిచి కొత్త నీళ్లు పెట్టేవాళ్లం. సగమైనా దక్కేవి."

పెళ్లినాడు మగపెళ్లివారు వచ్చారు. ఖాళీ చెరువు చూశారు. ముక్కులు మూసుకుని, పెళ్లికొడుకును కూడా లాక్కుని వెనుదిరిగారు.

నీతి: అడగడానికి నామోషీ పడితే పని చెడుతుంది, చెడ్డాక దాచిపెడితే అంతా పోతుంది.