పొడి చోట అంటించిన ప్లాస్టిక్

పెంచలయ్యకి ముందురోజు నుంచి ముద్ద దిగడం లేదు. సొంతంగా ఒప్పుకున్న మొదటి గచ్చు అది. తెల్లారితే సీలరు పూయాలి, గురువు చూడ్డానికొస్తున్నాడు.

గురువంటే దస్తగిరి ఉస్తాదు. నెల్లూరు చుట్టుపక్కల మిషన్లు పెట్టుకునే షెడ్లవాళ్ళకి ఆయనంటే గురి. కాంక్రీటు నేల నూనె పీల్చకుండా, దుమ్ము రేపకుండా దానికి సీలరు పట్టించడం ఆయన పని. ఆయన దగ్గర ఒక ఆచారముంది. డబ్బా మూత తీసేముందు నేల మీద ప్లాస్టిక్ ముక్క పరిచి, నాలుగంచులా టేపు అంటించి, ఒక పగలూ రాత్రీ వదిలేస్తారు. తర్వాత ఎత్తి చూస్తారు. కింద నీటిచుక్కలు కూడితే భూమిలోంచి తడి పైకొస్తున్నట్టు. ఆ నేల మీద పూసిన పూత బొబ్బలెక్కి పెచ్చులుగా లేస్తుంది. అంత నేలకి ఇంత ముక్కేనా అనకండి. నాడి చూసే వైద్యుడు ఒళ్ళంతా తడుముతాడా?

షెడ్డు రంగనాయకులుది. ఆయన ముందే చెప్పాడు. "శుక్రవారం లేత్ మిషను దిగుతుంది. అప్పటికి నేల తయారుగా ఉండాల. నీవల్ల కాదంటే చెప్పు, కావలిలో ఇంకో మనిషున్నాడు."

ఆ మిషను పెట్టేది లోపలి మూలలో. ఆ గోడ వెనకే వాన నీళ్ళు నిలుస్తాయి. మిషను ముందు నిలబడి పనిచేసేది యాకోబు. ఇంకో షెడ్డులో పెచ్చులేచిన నేల మీద ఒకతని కాలు జారడం, తిరిగే మిషను అతని చొక్కా చెయ్యి పట్టి లాగడం పెంచలయ్య కళ్ళారా చూశాడు. ఆ అరుపు చెవుల్లోంచి ఇంకా పోలేదు.

మూలలో అంటిస్తే తడి బయటపడుతుంది, పని పోతుంది. అందుకని ప్లాస్టిక్ ముక్కని తలుపు దగ్గర, ఎండ పడేచోట అంటించాడు. అంటించాను కదా, అబద్ధమేముంది అనుకున్నాడు. ఎత్తి చూస్తే పొడిగా ఉంది. పొడిగా ఉందని చూశాక భయం తగ్గాలా వద్దా? రెట్టింపైంది.

ఉస్తాదు వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచాడు.

"అంటించావా అబ్బయా?"

"అంటించాను ఉస్తాద్."

"చూశావా?"

"పొడిగానే ఉంది."

ఉస్తాదు నేల మీద టేపు జిగురు గుర్తు చూశాడు. పెంచలయ్య మొహం చూశాడు. అక్కణ్ణుంచి కదల్లేదు. సంచిలోంచి ఇంకో ప్లాస్టిక్ ముక్క, టేపు తీసి చేతిలో పెట్టాడు.

"ఇంకోటి అంటించు."

"ఎక్కడ ఉస్తాద్?"

"నీకు చూడాలని లేనిచోట."

గుమ్మంలో నిలబడ్డ రంగనాయకులు నవ్వాడు. "ఏంది సాయిబూ, పూత పూయమంటే ప్లాస్టిక్ అంటించుకుంటా కూర్చున్నారు?"

"పళ్ళు చూడకుండా ఎద్దును కొంటామా అయ్యా?" అన్నాడు ఉస్తాదు.

పెంచలయ్య నడిచాడు. ఆ షెడ్డు అంత పొడుగని అతనికప్పుడే తెలిసింది. మూలలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులకి టేపు తెగలేదు, పళ్ళతో కొరికాడు. లేచి తిరిగేసరికి ఉస్తాదు చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"రేపు మీరు రారా?"

"చూడాల్సింది నువ్వు."

మర్నాడు పెంచలయ్య ముక్కని ఎత్తాడు. కింద చెమట పట్టినట్టు చుక్కలు. నేల నల్లగా ఉంది. భుజం మీద తువ్వాలుంది. ఒక్కసారి తుడిస్తే చుక్కలు పోతాయి, నల్లదనం కాసేపట్లో ఆరిపోతుంది. రంగనాయకులు అడుగులు దగ్గరకొస్తున్నాయి.

పెంచలయ్య పక్కకి జరిగి చోటిచ్చాడు.

"తడి ఉందయ్యా. నిన్న నేను పొడి చోట చూసి చెప్పాను. ఇక్కడ పూస్తే లేస్తుంది. లేస్తే యాకోబు కాలు జారుతుంది."

పక్కన బోల్టులు బిగించే పానాలు తుడుచుకుంటున్న యాకోబు ఆ మూలనుంచి ఒకడుగు వెనక్కేశాడు. రంగనాయకులు ఆ అడుగు చూశాడు.

"మరి నా మిషను టార్పాలిన్ కింద పడుండాల్నా?"

"నేల ఆరేదాకా అయ్యా. గోడెనక నీళ్ళు పోయే దారి తియ్యాల ముందు."

"తియ్యి మరి. నా మొహం చూస్తే ఏమొస్తుంది? పార అక్కడుంది."

సాయంత్రం పెంచలయ్య టీ బంకు దగ్గరికొచ్చేసరికి మోచేతులదాకా బురద. ఉస్తాదు బల్ల మీద జరిగి చోటిచ్చాడు. ఇంకో టీ చెప్పాడు.

"ఉస్తాద్, మీకెట్టా తెలిసింది? మీరు ఆ మూలకి పోనేలేదు కదా."

ఉస్తాదు గ్లాసులో ఊదుకున్నాడు.

"నేనొచ్చినప్పటినుంచీ నువ్వు దానికి వీపు పెట్టే నిలబడ్డావు."