సింగారి నేర్చిన ట్రై

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక బంగళా, దాని పక్కన ఎత్తయిన మద్దిచెట్టు. చెట్టు మీద సింగారి అనే గోరింక ఉండేది, పిల్లలూ! బంగళాకు వచ్చిపోయేవాళ్ల నోట విని అది ఒక ఇంగ్లీషు ముక్క పట్టేసింది. ఎవరేం అడిగినా, "ట్రై చేస్తాలే!" అనేది.

"అక్కా, ఇప్పపూలు రాలితే కబురు చెప్పవూ?" అంది ఉడుత.

"ట్రై చేస్తాలే!"

పూలన్నీ ఎలుగుబంటి మేసిపోయింది.

"సింగారీ, వీపు మీద రక్తం పీల్చే పిడుదులు ఏరిపెట్టవూ?" అంది జింక.

"ట్రై చేస్తాలే!"

పాపం, జింక చెట్లకు వీపు రుద్దుకుంటూ తిరిగింది.

మూడోసారి కౌజుపిట్ట పోలమ్మ వచ్చింది. ఎండిన వాగు ఇసుకలో గుడ్లు పొదుగుతోంది ఆ తల్లి.

"వదినా, గుడ్లు నేడో రేపో పగులుతాయి. అంతదాకా చోటు మారలేను. కొండ మీద వాన పడితే, ఇక్కడ చినుకు లేకున్నా వాగు వచ్చిపడుతుంది. నీకైతే పైనుంచి కనబడుతుంది. ఒక్క కేక వెయ్యమ్మా!"

"ట్రై చేస్తాలే వదినా!"

"అదేం మాటమ్మా? చేస్తాననవు, చెయ్యననవు. నా పిల్లల ప్రాణాలు తల్లీ!"

"పట్నం మాటలే, నీకు తెలీదు" అని సింగారి రెక్కలు దువ్వుకుంది.

మర్నాడు కొండ నల్లబడింది. సింగారి కొమ్మ మీంచే, "వదినా, వాన!" అని అరిచింది. గాలి ఆ కేకను మింగేసింది. "ట్రై చేశాగా!" అనుకుని, బంగళా వంటాయన పారేసిన ఉప్మా కోసం కిందికి దిగింది.

అక్కడ వాచ్‌మన్ కూతురు చంద్రి సైకిల్ నేర్చుకుంటోంది. దబ్బున పడింది.

"చాల్లేవే, లోపలికి రా!" అన్నాడు నాన్న.

"ఉండు నాన్నా, ట్రై చేస్తున్నా!"

మోకాలు ఊదుకుని మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. మళ్లీ ఎక్కింది. ఈసారి సైకిల్ సాగిపోయింది!

సింగారి ముక్కున ఉప్మా అలాగే ఉండిపోయింది. "ఓరి భగవంతుడా! ఆ మాటలో ఇంత పని ఉందా?"

దేవుడు నోరొక్కటే ఇచ్చాడా? రెక్కలూ ఇచ్చాడుగా! రివ్వున ఎగిరింది. వాగు గట్టు మీంచి అరిచింది. ఉరుము అడ్డొచ్చింది. ఇక లాభం లేదని ఇసుకలోకే దూకి, పోలమ్మ చెవి దగ్గర అరిచింది: "లే వదినా, వాగొస్తోంది!"

అప్పుడే గుడ్లు పగిలి, పిల్లలు తడి రెక్కలతో లేచి నిలబడుతున్నాయి. ముందు పోలమ్మ, మధ్యలో పిల్లలు, వెనక సింగారి. చిట్టచివరి బుడంకాయ గట్టెక్కలేక జారింది. సింగారి ముక్కుతో నెట్టింది. మళ్లీ జారింది, మళ్లీ నెట్టింది. అది గట్టెక్కిందో లేదో, ఎర్రనీళ్లు బుసకొడుతూ వచ్చాయి. స్వామి చల్లగా చూశాడు!

పోలమ్మ పిల్లలను రెక్కల కిందికి తీసుకుంది. "చల్లగా ఉండు వదినా!" అంది.

గట్టు మీద ఇదంతా చూస్తున్న జింక, "మరి నా వీపు సంగతేంటమ్మా?" అంది.

"ట్రై చేస్తా!" అంది సింగారి. అనేటప్పటికే జింక వీపు మీద ఉంది.

నీతి: ప్రయత్నిస్తానన్న మాట పనికి మొదలు కావాలి గానీ, పని తప్పించుకునే దారి కాకూడదు.