ముల్లిక ఎక్కిన రాయి

అనగనగా ఒక అడవిలో ఒక రాయి ఉండేది. పులితో మొదలుపెడతాననుకున్నారు కదూ? ఈసారి రాయితోనే, పిల్లలూ. ఎందుకంటే అది మామూలు రాయి కాదు. దాని పేరు నిలదీత రాయి.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ అడవికి ఒక సెలవు వచ్చేది. ఆ రోజు వేట లేదు, పరుగు లేదు. ఎవరైనా సరే ఆ రాయి ఎక్కి అడవి పెద్దను ప్రశ్న అడగొచ్చు. పెద్ద వెనక్కాళ్ళ మీద నిలబడి జవాబు చెప్పాలి. జవాబు పూర్తయ్యేదాకా ముందుకాళ్ళు నేలకు ఆనకూడదు. ముత్తాతల నాటి కట్టుబాటు అది. అందుకే దాన్ని నిలదీత పండుగ అనేవారు.

ఆ అడవిలో ముల్లిక అనే ఏదుపంది పిల్ల ఉండేది. పిల్ల అంటే మరీ పిల్ల కాదు. ముళ్ళు అప్పుడప్పుడే గట్టిపడుతున్న వయసు. ఆ వయసులో అన్నిటి మీదా కోపమే, అన్నిటి మీదా ఆశే. పొద్దున లేస్తే "అమ్మా, అందరికీ నెమలీకల కిరీటం ఉంది, నాకే లేదు!" అనేది. సాయంత్రమైతే "ఈ అడవి బాగుపడదు" అని నిట్టూర్చేది. మన ఇంట్లోనూ అలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. పేర్లు చెప్పనులే.

కిరీటం కోసం ముల్లిక నెల రోజులుగా ఇప్పపూలు ఏరి ఆకుపొట్లంలో దాచుకుంది. ఆ అడవిలో కొనుగోళ్ళన్నీ ఇప్పపూలతోనే మరి.

అయితే ఆ ఏడు వాళ్ళింట్లో ఇంకో దిగులు కూడా ఉంది. చలికాలంలో కొండ కింది ఊట చుట్టూ ముళ్ళకంచె వేశారు. 'మరమ్మతు జరుగుతోంది' అని ఒక ఆకు తగిలించారు. అప్పట్నుంచీ నీళ్ళకు అందరూ ఏటికే పోవాలి. ఏట్లో మొసలి ఉంది. మొన్ననే అది ముల్లిక తమ్ముడు గుండును పట్టబోయింది. వాడు తప్పించుకున్నాడు కానీ, తోక దగ్గర నాలుగు ముళ్ళు దాని నోట్లోనే ఉండిపోయాయి.

"పండుగ రోజు అడగాలే ముల్లికా," అంది అమ్మ. "ఆ రోజు దాటిందా, మళ్ళీ ఏడాదే. ఎండాకాలమంతా వీణ్ణి మొసలి పక్కన నిలబెట్టి నీళ్ళు తాగించాల్సిందే."

"నేనడుగుతా," అంది ముల్లిక.

పండుగ రానే వచ్చింది. ముల్లిక ఒక చేత్తో పొట్లం, ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని రాయి దగ్గరికి వెళ్ళింది. చూస్తే రాయి కనబడదే! దాని మీద ఒక అంగడి వెలిసింది. ఈకల కిరీటాలు, ఆకు గొడుగులు, గింజల గజ్జెలు, తేనె ఉండలు! అంగడి వెనక తోకన్న అనే కొండముచ్చు గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"రండమ్మా రండి! పండుగ పూట ఒట్టి చేతులతో ఇంటికెళ్తారా? నలుగురూ నవ్వరూ?"

చెట్టు చెట్టుకూ జెండాలు. వాటి కింద మెత్తటి గడ్డి మీద అడవి పెద్ద ఎలుగయ్య పడుకుని తేనె నాకుతున్నాడు.

ముల్లిక స్నేహితురాలు దూదమ్మ ఎదురొచ్చింది. కుందేలుపిల్ల. చంకలో మూడు గొడుగులున్నాయి.

"ఈ ఎండాకాలంలో మూడు గొడుగులెందుకే?" అంది ముల్లిక.

"రెండు కొంటే ఒకటి ఊరికే ఇచ్చాడే!"

"మరి ప్రశ్నలు ఎవరడుగుతున్నారు?"

"ప్రశ్నలా? ఈ రద్దీలో ఎవరికి తీరిక?" అని దూదమ్మ నాలుగో గొడుగు కోసం పరుగెత్తింది.

ఈలోగా తోకన్న ముల్లికను చూశాడు. నీలంగా మెరిసే కిరీటమొకటి తీసి ఆమె నెత్తిన పెట్టాడు. అబ్బ! ఎంత బాగుందో! ముల్లిక గుండె ఎగిరి గంతేసింది. అడుగుదామనుకున్న ప్రశ్న ఆ క్షణాన ఎటు పోయిందో పోయింది. నిజం చెప్పాలి కదా.

"అక్కా, దాహం," అన్నాడు గుండు.

"దానికేం భాగ్యం!" తోకన్న ఒక ఆకుదొన్నె అందించాడు. "పండుగ నీళ్ళు! ఇంకెక్కడా దొరకవు. దొన్నెకు పది పూలు."

గుండు తాగి, అడుగున మిగిలింది అక్కకిచ్చాడు. ముల్లిక ఒక గుక్క తాగింది. నాలుక మీద తియ్యగా తగిలి, చివర్లో సన్నటి వగరు. ఉసిరివేళ్ళ మధ్య నుంచి వచ్చే నీటికే ఆ రుచి. ఉసిరిచెట్టు ఉన్నది ఒక్క ఊట దగ్గరే.

"ఇవి మా ఊట నీళ్ళు!" అంది ముల్లిక.

తోకన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బంగారుతల్లివి కదూ, అరవకు. ఆ కిరీటం నీకు ఊరికే ఇస్తా. మీ తమ్ముడికి ఎండాకాలమంతా రోజూ ఒక దొన్నె. పూలు కూడా నువ్వే ఉంచుకో. సరేనా?"

ముల్లిక కిరీటాన్ని తడిమి చూసుకుంది. కిరీటం నెత్తినే ఉంది. తమ్ముడికి నీళ్ళు దొరుకుతాయి. ఇంకేం కావాలి? కానీ కంచె అవతల మిగిలిన పిల్లలందరి సంగతి? వాళ్ళకు మొసలేనా? కిరీటం ఒక్కసారిగా బరువెక్కింది. బాధగానే ఉంది, చాలా బాధగా ఉంది, అయినా దాన్ని తీసి తోకన్న నెత్తినే పెట్టింది.

"నీకే బాగుంది, ఉంచుకో," అని గొడుగుల పక్క నుంచి రాయి ఎక్కేసింది.

ఎక్కి ముళ్ళన్నీ విదిలించింది. గలగలమని మోగాయి. బేరాలు ఆగిపోయాయి.

"ఎలుగయ్య మామా! ఊట చుట్టూ కంచె ఎందుకు?"

ఎలుగయ్యకు తేనె గొంతులో అడ్డం పడింది. "ఎవరా పిల్ల? పండుగ పూట ఇవన్నీ ఎందుకమ్మా?"

"పండుగ అందుకేగా!" అంది జనంలోంచి ఒక ముసలి జింక. "లే ఎలుగయ్యా. నిలబడు."

కట్టుబాటు కట్టుబాటే. ఎలుగయ్య మూలుగుతూ పొట్ట పైకెత్తుకుని వెనక్కాళ్ళ మీద లేచాడు.

"మన అడవి ఎంత గొప్పదో తెలుసా? పక్క అడవిలో ఇన్ని జెండాలున్నాయా?" అన్నాడు.

"అది జవాబు కాదు మామా," అంది ముల్లిక.

"కొండ అవతల తోడేళ్ళు పొంచి ఉన్నాయి. ఇలాంటప్పుడు ప్రశ్నలేంటి?"

"అదీ జవాబు కాదు మామా."

ఎలుగయ్య మోకాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. "ఇంకో రెండు పండుగలు ఇస్తా! ఇంకా పెద్ద అంగళ్ళు పెట్టిస్తా!"

"అదీ జవాబు కాదు మామా!" ఈసారి ముల్లిక ఒక్కతే అనలేదు. గొడుగులు కింద పడేసి దూదమ్మ అంది. జింకలన్నాయి. ఉడుతలు కొమ్మల మీంచి అరిచాయి.

ఎలుగయ్య కాళ్ళు గడగడలాడాయి. "అబ్బబ్బా, చెప్తాను! తోకన్న రోజుకో తేనెపట్టు ఇస్తానన్నాడు. ఊట అతనికి వదిలేశాను. అంతే! మరమ్మతూ లేదు, మన్నూ లేదు!" అంటూ దభీమని నేల మీద కూలబడ్డాడు.

అడవంతా ఘొల్లుమని నవ్వింది. నవ్వుతూనే అందరూ కొండ కిందికి పరుగెత్తారు. తలో కొమ్మా లాగితే కంచె ఎంతసేపు నిలుస్తుంది? ఆ రోజు ఊట దగ్గర జరిగిన పండుగ అంతా ఇంతా కాదు. గుండు నీళ్ళలో మూడుసార్లు పడ్డాడు, రెండుసార్లు కావాలనే. ముల్లిక పొట్లం విప్పి ఇప్పపూలన్నీ అందరికీ పంచేసింది. తోకన్న కూడా కిరీటంతోనే వచ్చి, తలొంచుకుని నీళ్ళు తాగాడు. ఎవరూ పూలు అడగలేదు. అక్కకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదని గుండు తర్వాత్తర్వాత కూడా చెప్పేవాడు.

చివరికి ఎలుగయ్య కుంటుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు రుద్దుకుంటూ, "ఒరే గుండూ, నేనూ ఒక గుక్క తాగొచ్చా?" అన్నాడు.

గుండు నీళ్ళలోంచి తల పైకెత్తాడు.

"ముందు నిలబడి అడుగు మామా!"

నీతి: పండుగ ఎందుకొచ్చిందో మరిచిపోకండి, అడగడం మానేసిన చోట మన నీళ్ళే మనకు అమ్ముతారు.