ఫిరంగి మోగని నాలుగు రోజులు

"మాస్టారూ, కొండమీద మనవాళ్ళు చస్తూంటే, వంద కిలోమీటర్ల అవతల ఏదో వంతెన కూల్చి వస్తే వాళ్ళకు ఒరిగేదేమిటండీ?" అని అడిగింది భార్గవి.

యుద్ధవిమానం నడపడం నేర్చిన పిల్ల. అన్న సరిహద్దు కొండమీద సిపాయి. వారంలోగా ఆమె రెండు దళాల్లో ఒకటి కోరుకోవాలి. సైనికుల నెత్తిమీదే ఎగురుతూ ఎదుటివాణ్ణి కొట్టే దళం ఒకటి. శత్రువుకు గుండ్లూ తిండీ చేరే దారుల్ని ఎక్కడో దూరాన తెగ్గొట్టేది రెండోది. అన్న తలెత్తి చూస్తే తన విమానం కనబడాలని ఆమె ఆశ.

సోమయాజులు మాస్టారు పాత యుద్ధంలో విమానం నడిపినవారు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. "ఎల్లుండి ఒకచోట భోజనం ఉంది, రా" అన్నారు.

విజయనగరం దగ్గరి పల్లెలో సుబేదారుగా రిటైరైన అప్పలస్వామి ఏటా అదే తేదీన నూకాలమ్మ పేర ఊరందరికీ భోజనాలు పెడతాడు. పంక్తిలో మాస్టారి పక్కన కూర్చుని, ఎందుకని అతణ్ణి అడిగింది భార్గవి.

"గుట్టమీద ముప్పైమందిమి తల్లీ. ఎదరోడి ఫిరంగి మూడు పూటలా మోగీది. ఈ తారీకున ఉన్నట్టుండి ఆగిపోనాది. నాలుగు రోజులు మోగనేదు. ఆ సందులో సాయం అందబట్టి బతికినాం. అమ్మోరే దాని నోరు కట్టేసినాది."

"విమానాలు రాలేదా తాతా?"

"ఏ ఇమానం? మెడ నొప్పెట్టీదాకా సూసినాం, కాకి కూడా రానేదు. ఆళ్ళని తిట్టని తిట్టు నేదు!" అని నవ్వి, మాస్టారి విస్తట్లో ఇంకో గరిటె పులిహోర వేశాడు. "ఈ బాబు ఏటా ఒస్తారు. ఎవరో ఏటో తెల్దు గానీ, ఈ కత సెప్పించుకోకుండా సెయ్యి కడగరు."

భార్గవికి పొలమారింది. మాస్టారి ఇంట్లో గోడమీద ఆయన స్నేహితుడు రంగనాథ్ ఫోటో ఉంది. గుండ్ల లారీలు దాటే వంతెనను ఇద్దరూ కలిసి కూల్చారనీ, అతని విమానం మాత్రం తిరిగి రాలేదనీ ఆమెకు తెలుసు. ఫోటో కింద అతను పోయిన రోజుగా రాసి ఉన్నది నిన్నటి తేదీ.

ఆమె నోరు తెరవబోయింది. "మజ్జిగ పోయించుకో" అన్నారు మాస్టారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ ముఖంలో అంత కృతజ్ఞత ఆమె ఎన్నడూ చూడలేదు. వెళ్ళేముందు ఆయన అప్పలస్వామి చేతులు రెండూ పట్టుకుని కాసేపు వదల్లేదు.

కారెక్కాక ఆమె సంచిలోంచి ఫారం తీసి, రెండో దళం పక్కన టిక్కు పెట్టింది. కానీ మనసు ఊరుకోలేదు.

"ఆ తాతకు ఒక్క మాట చెప్పొచ్చుగా మాస్టారూ!"

"మావాడికి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరమ్మా. ఇన్నేళ్ళుగా ఊరు ఊరంతా కూర్చుని వాడి తద్దినం భోంచేస్తోంది. ఒక్కరోజు ఆలస్యమైతేనేం" అన్నారు మాస్టారు.