నిన్నటి పులుసుకు మొదటి ముద్ద

వంట మాస్టారు చెంచురామయ్య గారి దగ్గరికి ఎవరు ఏ ప్రశ్న పట్టుకొచ్చినా, ముందు వాళ్ళ ఎదుట చేటెడు చింతపండు పెట్టేవారు. గింజలూ ఈనెలూ తీస్తూ కూర్చోమనేవారు. తాను ఇంకో చేట ముందేసుకుని ఎదురుగా కూర్చునేవారు. పెళ్ళివంటలకి చింతపండు ఎంత ఒలిచినా చాలదు గనక పనికి పనీ అయ్యేది. ఇక ప్రశ్న సంగతంటారా, సగంమంది చేట ఖాళీ అయ్యేలోపే ఏం అడగడానికొచ్చారో మర్చిపోయి, మజ్జిగ తాగి నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. మర్చిపోనివాళ్ళకి మాత్రం ఆయన జవాబు చెప్పేవారు. జవాబంటే వాదన కాదు. ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. నెల్లూరు చుట్టుపక్కల పొయ్యి ముందు నిలబడి పేరు తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది ఆయన దగ్గర అలా చింతపండు ఒలిచినవాళ్ళే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మస్తానయ్య వచ్చాడు. మాస్టారి శిష్యుల్లో అతని పేరు చెబితే జనం ముందు లొట్టలేసి తర్వాత మాట్లాడతారు. హైవే పక్కన ఆరు బల్లల హోటలు అతనిది. అన్ని హోటళ్ళవాళ్ళూ మా దగ్గర అన్నీ తాజా అని బోర్డు రాయించుకుంటే, ఇతను మాత్రం ఎర్రరంగుతో ‘నిన్నటి చేపల పులుసు దొరకును’ అని రాయించాడు. మరి చేపల పులుసు తినే ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, వండిన పూట దానికి రుచి ఎక్కడిది? సాయంత్రం మట్టికుండలో మామిడికాయ ముక్కలేసి దించి, మూతికి గుడ్డ కట్టి, ఇసుక మీద కదలకుండా ఉంచేవాడు. రాత్రంతా చేపముక్క పులుపు పీల్చుకునేది, పులుసు ముక్కని పీల్చుకునేది. తెల్లారి అతని భార్య పెంచలమ్మ తలస్నానం చేసి వచ్చి, గుడ్డ విప్పి, వేడన్నంలో కాస్త పులుసు కలుపుకుని మొదటి ముద్ద తినేది. కాసేపు గడప మీద కూర్చునేది. ఆమె లేచాకనే కుండ బల్లల దగ్గరికి వచ్చేది. ఇంటి ఇల్లాలు తిన్నాకే అమ్మకం. ఆ హోటలు మర్యాద అది, మాస్టారు నేర్పిన మర్యాద. మస్తానయ్య ఈ సంగతి కార్లలో వచ్చినవాళ్ళకి కూడా గొప్పగా చెప్పుకునేవాడు.

అటువంటివాడు ఆ మధ్యాహ్నం మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. మాస్టారు చేట ముందుకు తోశారు. అతను చింతపండు మీద చెయ్యయినా వెయ్యకుండా మొదలుపెట్టాడు.

“నిన్న పొద్దున్నే ఆఫీసరమ్మ వచ్చింది మాస్టారూ. తిండి పదార్థాల తనిఖీ అంట. చిన్నపిల్ల. మా అమ్మాయి సుబ్బులుకంటే రెండేళ్ళు పెద్దదయితే ఎక్కువ. సంచిలోంచి వేడి కొలిచే సూదిలాంటిది తీసి నా కుండలో గుచ్చింది. దేవుడి పటానికి మేకు కొట్టినట్టయింది నాకు! ‘బాబాయ్ గారూ, ఇది రాత్రంతా బయటే ఉందా?’ అంది. తిట్టినా బాగుండేది, బాబాయ్ అంటే ఏం చెయ్యను? ఉందమ్మా, రుచి చూడు అన్నాను. ‘రుచి బాగానే ఉంటుందండీ. చెడిపోయింది కూడా ఒక్కోసారి రుచిగానే ఉంటుంది’ అంది. వండిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టాలంట. మళ్ళీ తీసి సలసల మరిగించాలంట. మట్టికుండ వద్దంట. వారం టైమిచ్చింది. వినకపోతే తాళం వేస్తుందంట.”

“చింతపండు ఎండిపోతుండాది, తియ్యి” అన్నారు మాస్టారు.

అతను నాలుగు గింజలు తీసి చేతులు దులుపుకున్నాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. హైవే మీద హోటళ్ళవాళ్ళు పదకొండుమంది కలిసి పైవాళ్ళకి రాసిన అర్జీ అది. మాస్టారి సంతకం మొదట పడితే మిగతావాళ్ళంతా కింద పెడతామన్నారు. ఆయన వద్దంటే ఎవరూ పెట్టరు. అప్పుడు మస్తానయ్య కుండ పగలగొట్టుకోవాల్సిందే, బోర్డు తుడుచుకోవాల్సిందే.

“ఒక్కటే అడుగుతా మాస్టారూ. మీరు నేర్పిన చెయ్యి పెద్దదా, ఆ పిల్ల చేతిలో సూది పెద్దదా? అది చెప్పి సంతకం పెట్టండి.”

“చదువు” అన్నారు మాస్టారు. “నాకు అద్దాలు లేవు.”

మస్తానయ్య గొంతు సవరించుకుని చదివాడు. అర్జీ రాసినవాడు బడిపంతులు, బాగానే రాశాడు. తాతలనాటి పద్ధతి అన్నాడు, మట్టి గుణం అన్నాడు. చివర ఒక వాక్యం ఉంది. ‘మా గురువులు చెంచురామయ్య గారి కాలం నుంచి నేటి వరకు నలభై యేండ్లలో ఈ పులుసు తిని ఒక్కరికి కూడా కడుపునొప్పి వచ్చి ఎరుగదు.’

“ఆ చివరిది మళ్ళీ చదువు.”

మస్తానయ్య మళ్ళీ చదివాడు. మాస్టారు చేట పక్కన పెట్టేశారు. చింతపండు ముందు పెట్టుకుని ఆయన చెయ్యి ఆపడం మస్తానయ్య ఎప్పుడూ చూడలేదు.

“నాకూ ఒక హోటలుండేది, తెలుసు గదా” అన్నారు.

తెలియకేం, ఆ హోటలు పులుసు కథలు వినే గదా మస్తానయ్య పద్దెనిమిదో ఏట ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చింది! ఆ హోటలు మూసేశాకనే ఆయన పెళ్ళివంటలకి దిగారని కూడా తెలుసు. ఎందుకు మూశారని ఎవరూ అడగలేదు. భార్య పోయాక మనసు విరిగింది కాబోలనుకున్నారు.

“మా ఇంటిది సుబ్బరత్నం ఉండేది” అన్నారు మాస్టారు. “కుండ విప్పి ముందు తనే తినేది. మా అమ్మ చెప్పిన మర్యాద అది. మా అమ్మకి వాళ్ళ అత్త చెప్పిందంట. ఇంటి లక్ష్మి తింటే ఆ కుండకి కళ అని. తిని గడప మీద కూర్చునేది. మొదటి బస్సు పోయిందాకా కూర్చోవాలి. ఎందుకు కూర్చోవాలో నేనడగలేదు, తనూ అడగలేదు. మల్లెపూలు గుచ్చుకుంటా కూర్చునేది. బస్సు పోతే లేచి, ‘ఊఁ, పెట్టుకోండి’ అనేది. ఆ ఊఁ వింటేనే జనం విస్తళ్ళు సర్దుకునేవాళ్ళు.

“ఒక రోహిణి కార్తెలో, ఆదివారం. బస్టాండు దాకా జనం. బస్సు పోయింది. తను లేవలా. నేను గరిటె పట్టుకుని, ‘ఏందే, పూలు తర్వాత గుచ్చుకోవచ్చు, జనం చూస్తుండారు’ అని అరిచాను. నలుగురూ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వి, ‘కుండ పారబోయండి’ అంది. పారబోశాను. ఈ రోజు పులుసు లేదని జనాన్ని పంపించాను. గొణుక్కుంటా పోయారు. తను లోపలికిపోయి పడుకుంది. మూడో రోజు పోయింది.”

వీధిలో ఐసు బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు.

“పదకొండో రోజు అయ్యాక జనం వచ్చారు. పలకరించారు. వెళ్ళేటప్పుడు ఒక పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, ‘మీ చెయ్యి చల్లని చెయ్యి మాస్టారూ, ఇన్నేళ్ళలో మీ పులుసు తిని ఒక్కరికీ ఏమీ కాలేదు’ అన్నాడు. నాకు కాదనాలనిపించింది. నోరు రాలా. అప్పటినుంచి అందరూ అదే అంటుండారు. నేనూ అన్నాను, ఒకటి రెండు చోట్ల.”

మస్తానయ్య చేతిలో కాగితం అలాగే ఉంది. “మరి నాకు పులుసు నేర్పేటప్పుడు...”

“నేర్పమని కాళ్ళు పట్టుకుంటివి. నాకా, ఆ రుచి నాతోనే పోతుందని దిగులు. నేర్పాను. ముందు ఇంటావిడ తినాలిరా, గడప మీద కూర్చోవాలిరా అని చెప్పాను. ఎందుకో చెప్పలా. చెబితే నువ్వు నా మొహం ఎట్టా చూస్తావోనని. అంతమాత్రాన ఆ పిల్ల చెప్పినట్టు చేస్తే ఆ రుచి వస్తుందని అనుకోకు. రాదు. మీ ఫ్రిజ్‌లో పెట్టినదానికి మంచి పేరొస్తుందేమో గానీ, మట్టికుండ ఇసుక మీద రాత్రంతా పడుకుని లేచిన రుచి మాత్రం ఇక ఎప్పటికీ రాదు. అది పోయినట్టే. ఏడవాలంటే ఏడువు, నేనూ ఏడుస్తాను. అయితే అబ్బయా, ఆ సూది ఉండాదే, అది కుండలో దిగి పైకొచ్చాక దానికేమయినా అయిందా?”

“సూదికేమవుద్ది మాస్టారూ?”

“అదే అడిగాను.”

మస్తానయ్య తల వంచుకున్నాడు. తన హోటలు గడప కళ్ళ ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే పెంచలమ్మ ఆ గడప మీద తడిజుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుంటోంది. జుట్టు గుర్తుంది, భుజాన తువ్వాలు గుర్తుంది. ఆ కాసేపట్లో ఆమె మొహం ఎలా ఉంటుందో ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. ఎందుకంటే తను అప్పుడు కుండ వైపు చూస్తూ ఉండేవాడు. ఎంతసేపే, లేవవే అని ఎన్నిసార్లు కసురుకున్నాడో లెక్కలేదు. ఇవాళ పొద్దున కూడా కసిరాడు, అర్జీ పట్టుకుని బయల్దేరే తొందరలో. ఆమె ఏమని జవాబిచ్చిందో, అసలు ఇచ్చిందో లేదో కూడా తెలియదు.

కాగితాన్ని మడత మీద మడత పెట్టాడు. ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే నలుపుతూ కూర్చున్నాడు. మాస్టారు అతని చేట కూడా తన వైపు లాక్కుని గింజలు తియ్యడం మొదలుపెట్టారు.

“చింతపండు నేను ఒలుచుకుంటాలే” అన్నారు తలెత్తకుండా. “నువ్వు ఇంటికి పో. పొద్దున తిన్న ముద్ద అరిగిందో లేదో, పెంచలమ్మని అడుగు.”