చక్రం కింద రాయి

ఆ కొండ మీది ఊరికి నీళ్లు కింద నుంచి లారీలో వెళ్లాలి. లారీ ఒక్కటే. దానికి ట్రిప్పుకి ఒక్క క్యాను డీజిలు. ఆ క్యానుతో లారీ పైదాకా ఎక్కితే ఊరు గొంతు తడుపుకుంటుంది, లేకపోతే లేదు.

మూడేళ్లుగా లారీ పైదాకా ఎక్కడం లేదు. ఏడో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ క్యానెడు డీజిలూ అయిపోయేది. బండి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయేది. ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆ మలుపు దాకా దిగి, బండి మీది డ్రమ్ముల్లోంచి నీళ్లు తోడుకుని, నిండు బిందెలతో మళ్లీ ఎక్కేవాళ్లు. ఖాళీ బండి న్యూట్రల్లో దొర్లుకుంటూ కిందికి పోయేది.

ఆ ఆడవాళ్లలో మేస్త్రి భార్య ఒకతె. ఆ బండి ఇంజను చూసేది మేస్త్రి. అతని షెడ్డు కొండ అడుగున, ఇల్లు కొండ మీద. రోజంతా ఇంజనుతో కుస్తీపట్టి ఇంటికి వెళ్లిన మనిషికి ఆవిడ చెంబుడు నీళ్లిచ్చి, "నువ్వు చేసిన రిపేరు ఎక్కడిదాకా వచ్చిందో నా నడుముని అడుగు" అనేది. అతను గటగటా తాగి చెంబు కింద పెట్టేవాడు.

పని రాని మనిషా అంటే, కాదు. కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు విని, ఏ టాపెట్టు వదులైందో చెప్పగలడు. నాజిళ్లు విప్పి శుభ్రం చేశాడు. ఎయిర్ ఫిల్టరు దులిపి, తర్వాత దాన్నే మార్చేశాడు. పంపు టైమింగు వెంట్రుకవాసి జరిపి చూశాడు. నల్లపొగ పోయి తెల్లపొగ వచ్చింది, తెల్లపొగ కూడా పోయింది. ఇంజను చంటిపిల్లాడి నిద్రలా మెత్తగా తిరిగేది. అయినా ఏడో మలుపు ఏడో మలుపే.

అతనికున్న జబ్బల్లా ఒక్కటే. ఇంజను మేస్త్రి ఇంజనే చూడాలి. బానెట్ దాటిన తర్వాత బండి ఇంకెవరిదో. తనది కాని పనిలో వేలు పెట్టకపోవడమే పెద్ద పనితనమని తండ్రి నేర్పాడు. అందుకని పదిహేనేళ్లలో అతను ఒక్కసారి కూడా బండి వెనక్కి వెళ్లి చూడలేదు. ఎవరూ చూడమననూ లేదు. బండి ఆగితే అందరూ బానెట్ వైపే చూసేవాళ్లు.

ఆ ఎండాకాలం ఊళ్లో మూడిళ్లకి తాళాలు పడ్డాయి. ఊరి పెద్దమనిషి, అందరూ కొండ పెద్ద అనే ఆయన, షెడ్డుకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"వచ్చే ట్రిప్పు పైకి రాకపోతే ఊరు దిగిపోతాం," అన్నాడు. "అందరం అనుకున్నాం. నిన్ను తప్పు పట్టడం లేదు."

తప్పు పట్టడం లేదని అంత మెల్లగా చెప్పడమే మేస్త్రిని కాల్చేసింది. తిట్టినా బాగుండేది. పెద్ద వెళ్లగానే పానా తీసి నేలకేసి కొట్టాడు. మళ్లీ తనే తీసుకున్నాడు. ఆ కొండ మీద పుట్టాడు, పెళ్లి చేసుకున్నాడు, తల్లిని అక్కడే మట్టి చేశాడు. పంపులో ఇంకెంత జరపను, ఇంకే నట్టు బిగించను అనుకుంటూ ఇంజను కింద దూరాడు. విసుగులో ఎటు పాకుతున్నాడో చూసుకోలేదు. పాకి పాకి వెనక చక్రాల దగ్గర తేలాడు.

అక్కడ వెల్లకిలా పడుకుని పైకి చూస్తే, వెనక బరువు మోసే కమాను పట్టీలు తిన్నగా అణిగి ఉన్నాయి. నిండు లోడు మోస్తున్న బండి కమానుల్లాగా. డ్రమ్ములు ఖాళీ. బండి ఖాళీ.

లేచి లారీ వెనక తొట్టిలోకి ఎక్కాడు. డ్రమ్ముల కింద టార్పాలిన్ పరిచి ఉంది. దాన్ని లాగాడు. కింద రాళ్లు. ఒక్కటీ రెండూ కాదు, తొట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఇటుకలు పేర్చినట్టు వరసలుగా రాళ్లు. కొన్నిటికి పసుపు, కొన్నిటికి బొట్టు.

"ఏమిటివి?" అన్నాడు డ్రైవరుని పిలిచి.

"చక్రం కింద పెట్టే రాళ్లు."

"ఇన్నా?"

డ్రైవరు ఆశ్చర్యంగా చూశాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు. ఆ కొండంతా ఒకే బండ. పైదాకా వెతికినా పిడికెడు రాయి దొరకదు. బండి ఆగినప్పుడు వెనక్కి జారకుండా చక్రం కింద రాయి పెట్టాలి. కింద ఏటి ఒడ్డున మంచి రాయి కనిపిస్తే తీసుకెళ్లాలి. జారే బండిని ఆపిన రాయిని దారిలో వదిలేసి వచ్చేవాడు మనిషేనా? డ్రైవరు మామ ఈ బండి నడిపాడు, ఆయనకి ముందు ఇంకొకాయన. అందరూ రాళ్లు వేసుకుంటూ వచ్చినవాళ్లే. తీసినవాళ్లు ఒక్కరూ లేరు.

"బండికి ఆరు చక్రాలు," అన్నాడు మేస్త్రి పళ్లు బిగబట్టి. "ఎంత లెక్క వేసుకున్నా ఆరు రాళ్లు."

"ఏ ఆరు? ఏది ఆపుతుందో ముందే ఎవరికి తెలుసు మేస్త్రీ?" డ్రైవరు వంగి ఒక నల్లరాయి మీద చెయ్యి వేశాడు. "వానలో మామ ప్రాణం కాపాడింది ఇదే. ఇది దించమంటావా? అదిగో, ఆ చప్పటిది, నేను పెళ్లికొడుకునై వెళ్తుంటే నాలుగో మలుపులో పెట్టింది. అది దించమంటావా?"

"హ్యాండ్ బ్రేకు ఏమైంది?"

"మామ రోజుల్లోనే వైరు తెగిపోయింది."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"రాళ్లుండగా బ్రేకెందుకు?" అన్నాడు డ్రైవరు, ఏ కల్మషమూ లేకుండా.

మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్లు. మూడేళ్ల నుంచి నాజిళ్లని, పంపుని, తన తలని విప్పి బిగించుకుంటున్నాడు. ఈ తొట్టి తనకు పది అడుగుల దూరంలో ఉంది. డ్రైవరు మీద కోపం వచ్చింది, అతని మామ మీద వచ్చింది, బానెట్ దాటొద్దన్న తండ్రి మీద వచ్చింది. అందరికన్నా ఎక్కువ తన మీద తనకే వచ్చింది.

కొండ పెద్దకి కబురు వెళ్లింది. ఆయన వచ్చి రాళ్లన్నీ చూసి ఒక్కో వరసనీ చేత్తో తడిమాడు.

"దించుదాం," అన్నాడు చివరికి. "కానీ నీ మాట మీద దించుదాం. రేపు బండి జారితే, దించిన వాటిలో దాన్ని ఆపే రాయి ఏదని నిన్నే అడుగుతాం."

"అడగండి," అన్నాడు మేస్త్రి.

హ్యాండ్ బ్రేకుకి కొత్త వైరు వేశాడు. బ్రేకు పట్టీలు మార్చాడు. షెడ్డు ముందు వాలులో నిండు డ్రమ్ములతో బండి నిలబెట్టి, ఒంటి చేత్తో బ్రేకు లాగి, దిగి చక్రం వెనక తనే పడుకుని చూపించాడు. డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. బండి కదల్లేదు. అప్పుడు రాళ్లు దించారు. ఒక పూట పట్టింది. డ్రైవరు ఒక్కో రాయిని రెండు చేతులా ఎత్తి, నేల మీద మెల్లగా పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. ఒక్కటైనా ఉంచమన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. కమాను పట్టీలు ఊపిరి తీసుకున్నట్టు విల్లులా పైకి లేచాయి.

మర్నాడు ఉదయం ఒక్క క్యాను డీజిలు పోసి బయల్దేరారు. మేస్త్రి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఏడో మలుపు దగ్గర ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. బండి వాళ్ల ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయింది. వాళ్లు కాసేపు అలాగే నిలబడి, తర్వాత ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని బండి వెనకాల పరుగెత్తారు. అద్దంలో మేస్త్రికి తన భార్య కనిపించింది. ఆమె నవ్వడం అతను చూసి ఎన్నాళ్లైందో.

బండి పైకి చేరింది. ఊరి మొదట్లో, చివరి ఎత్తు మీద డ్రైవరు ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తీశాడు. ట్యాంకులో ఇంకా డీజిలు మిగిలే ఉంది. మేస్త్రి కిందికి దిగాడు. ఊరంతా ఎదురొచ్చింది. వెనక నుంచి ఆడవాళ్లు ఆయాసపడుతూ వచ్చి తొట్టి చుట్టూ మూగారు.

అప్పుడు బండి ఒక్క అంగుళం వెనక్కి ఒదిగింది.

ఏ బండైనా ఒదుగుతుంది. బ్రేకు పూర్తిగా పట్టే ముందు బరువు అలా సర్దుకుంటుంది, అంతే. ఆ సంగతి ఈ లోకంలో ఎవరికన్నా బాగా తెలిసినవాడు మేస్త్రి. కానీ చక్రం వెనక అతని భార్య ఉంది.

"రాయి," అని అరిచాడు మేస్త్రి. "రాయి, రాయి తెండి."

ఆ కొండ మీద రాయి ఎక్కడుంది?  ముందుగా కదిలింది అతని భార్యే. ఇంట్లోకి పరుగెత్తి, పొయ్యికి పెట్టిన మూడు రాళ్లలో ఒకటి పెకలించి, మసితో సహా ఎత్తుకొచ్చి చక్రం కింద పెట్టింది. ఆమెను చూసి పక్కింటావిడ తెచ్చింది. తర్వాత ఇంటికొకటి చొప్పున వచ్చాయి.

బండి ఎప్పుడో నిలబడిపోయింది. రాళ్లు వచ్చాకే జనం ఊపిరి పీల్చుకున్నారు.

 డ్రమ్ములు ఖాళీ అయ్యాక డ్రైవరు రాళ్లన్నీ ఏరి తొట్టిలో వరసగా పేర్చాడు. మేస్త్రి భార్య తెచ్చిన రాయిని మాత్రం చివర్లో, విడిగా పెట్టి, "ఇది మొదటిది" అన్నాడు. కొండ పెద్ద దానికి బొట్టు పెట్టించాడు.  బండి కిందికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఊళ్లో ప్రతి ఇంట్లోనూ నీళ్లున్నాయి. మేస్త్రి భార్య మూడేళ్ల తర్వాత బియ్యం రెండుసార్లు కడిగింది. కడిగి ఎసరు పెడదామని పొయ్యి దగ్గరికి వెళ్తే, రెండు రాళ్ల మీద కుండ నిలవలేదు.

"ఇటు రా," అంది మొగుణ్ణి. "ఈ పక్క పట్టుకో."

మేస్త్రి చేతికి గుడ్డ చుట్టుకుని, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కుండ అంచు పట్టుకున్నాడు. పొగకి కళ్లు మండుతున్నాయి. చెయ్యి కాలుతోంది.

"ఎంతసేపు?" అన్నాడు.

"ఉడికేదాకా," అంది ఆవిడ. "వదిలావంటే నీళ్లన్నీ ఒలికిపోతాయి."

పక్కింట్లోంచి కూడా ఎవరో అదే మాట అడగడం వినిపించింది. ఆ పైఇంట్లోంచి కూడా. ఊరంతా పొయ్యిల ముందు కుండలు పట్టుకుని కూర్చుంది.