నలభై ఆరు సలహాల వంటగట్టు

రేగివలసలో భానోజీరావు అనే రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవాడు. ఏ పని తలపెట్టినా ఊరందరి సలహా అడిగేవాడు గానీ, ఆ పని ఎవరి కోసమో వాళ్ళని మాత్రం అడిగేవాడు కాదు.

ఆయన భార్య వరహాలమ్మ ముప్పై ఏళ్ళుగా జానెడు ఎత్తు అరుగు మీద పొయ్యి పెట్టుకుని, దాని ముందు పీట మీద కూర్చుని వండేది. ఆ ఏడు ఆమె మోకాళ్ళు వాచాయి. పట్నం డాక్టరు చూసి, "ఇక కింద కూర్చుని లేవడం మానెయ్యాలమ్మా. నిలబడి వండుకోండి. లేదంటే ఏడాది తిరక్కుండా చేతికి కర్ర వస్తుంది" అన్నాడు.

మాస్టారు మంచివాడే. బస్సు దిగకముందే, "వారం రోజుల్లో నీకు వంటగట్టు కట్టిస్తాను వరహాలూ" అన్నాడు. వరహాలమ్మ సంతోషించింది. ఏ వారమో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

చిక్కంతా గట్టు మీద పరిచే రాయి దగ్గర వచ్చింది. రాళ్ళ దుకాణంవాడు రెండు ముక్కలు చేతిలో పెట్టాడు. ఒకటి కొండలోంచి తీసిన నల్ల గ్రానైట్. రెండోది రాతిపొడిలో జిగురు కలిపి ఫ్యాక్టరీలో చేసిన తెల్ల క్వార్ట్జ్. మాస్టారు ఆ రెండింటినీ గుడ్డసంచిలో వేసుకుని ఊరి మీద పడ్డాడు. పెళ్ళికి వెళ్తే పెళ్ళిలోనూ, పరామర్శకి వెళ్తే పరామర్శలోనూ ఆ సంచి విప్పి, "రెండిట్లో ఏది మేలంటారు?" అని అడిగేవాడు.

ఊళ్ళో రాళ్ళ గురించి ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని అందరూ చెప్పారు. ఆర్‌.ఎం.పి. డాక్టరు గ్రానైటన్నాడు. ఏ జబ్బుకైనా ఒకే మాత్ర ఇచ్చే మనిషి కనక ఆయనకి పెద్దగా ఆలోచించే పని పడలేదు. ఆ సంగతి విని రేషన్ డీలరు క్వార్ట్జ్ అన్నాడు. డాక్టరుకీ ఆయనకీ మాటల్లేవు. కొందరు రాళ్ళ మీద నిమ్మకాయ పిండారు, కొందరు పసుపు రాశారు. ఒకాయన నాలిక పెట్టి చూసి, రెండూ చప్పగానే ఉన్నాయని తేల్చాడు. ఇంటికే వచ్చి తీరిగ్గా చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు. ఎవరొచ్చినా మాస్టారు లోపలికి వినబడేలా, "వరహాలూ, ఓ టీ పెట్టు" అనేవాడు.

మూడు నెలలు గడిచాయి. చివరికి ఒక్క ఓటు తేడాతో క్వార్ట్జ్ గెలిచింది. ఆ ఒక్క ఓటూ వేసినవాడిది ఈ ఊరు కాదు. నిద్రమత్తులో ఇక్కడ బస్సు దిగిపోయాడు.

పోలయ్య మేస్త్రి పనిలోకి వచ్చాడు. చెవి మీంచి సుద్దముక్క తీసి, "గట్టు ఎత్తు చూసుకోవాలి బాబూ. అమ్మగారిని ఓపాలి పిలవండి" అన్నాడు.

"ఆవిడెందుకు? ఇంటి కొలతలు యజమానిని బట్టే తియ్యాలి. ద్వారబంధం నిలబెట్టిన రోజు నువ్వే కదా చెప్పావు!"

"ద్వారబంధానికి చెప్పానండి. ద్వారబంధం దగ్గర ఎవరూ పప్పు ఉడకబెట్టరు కదండీ."

"నాకు కొలతలు నేర్పకు పోలయ్యా" అని మాస్టారు వసారాలో గోడకి ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆయన ఆరడుగుల మనిషి. గ్యాస్ పొయ్యి మర ఏ వైపు తిప్పితే వెలుగుతుందో ఆయనకి ఈనాటికీ తెలియదు. మేస్త్రి నిట్టూర్చి, ఆయన నడుం దగ్గర గీత గీశాడు. ఆ ఎత్తు పొట్టి మనిషైన వరహాలమ్మకి గుండెల దాకా వస్తుంది. ఆమె అప్పుడు లోపల మేస్త్రికి టీ పెడుతోంది.

గట్టు పూర్తయింది. తెల్లరాయి మీగడలా మెరిసింది. మాస్టారుకి వంటింట్లోకి వెళ్ళే అలవాటు లేదు, అన్నమే బయటికి వచ్చేది. కాబట్టి పదిరోజులు ఆయన సంతోషం చెక్కుచెదరలేదు. పదకొండో రోజు, గట్టు చూపిస్తానని పక్కింటి సూరీడమ్మని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు.

గట్టు మీద ఒక్క గిన్నె లేదు. కింద, పాత అరుగు మీద పొయ్యి మండుతోంది. వరహాలమ్మ పీట మీంచి లేవబోతూ, ఒక చెయ్యి గోడకి ఆనించి, పళ్ళు బిగించి, సగంలో ఆగిపోయి ఉంది.

సూరీడమ్మ గట్టుని చూసింది, మాస్టారుని చూసింది. "బాగుంది అన్నయ్యగారూ. మీరు నిలబడి పేపరు చదువుకోడానికి కొలిచినట్టు ఉంది" అంది.

మాస్టారు గబగబా వెళ్ళి భార్యని లేవదీశాడు. "ఇదేమిటి వరహాలూ? గట్టు ఉండగా కింద ఎందుకు?"

"మూడు రోజులు ముక్కాలిపీట ఎక్కి వండానండీ. ఎక్కి దిగడం కన్నా కూర్చుని లేవడమే నయమనిపించింది."

"మరి ముందే నాకెందుకు చెప్పలేదు?"

వరహాలమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. "సలహా చెప్పడానికి మనింటికి నలభై ఆరుమంది వచ్చారు. నలభై ఆరు టీలు పెట్టాను. ప్రతి టీకీ కూర్చున్నాను, లేచాను. ఊరంతా అయ్యాక నా వంతు వస్తుంది కదా అని చూశాను."

ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాడు.

మర్నాడు పోలయ్య మళ్ళీ వచ్చాడు. గట్టు తగ్గించడానికి రాయిని లేపబోతే అది రెండు ముక్కలైంది. "ఇప్పుడు ఏ రాయి వెయ్యమంటారు బాబూ?" అన్నాడు. మాస్టారు అలవాటుగా గుడ్డసంచి వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. "ఆవిడనడుగు" అన్నాడు.

వరహాలమ్మ ఒక్కటే ప్రశ్న వేసింది. "మరుగుతున్న గిన్నె దించి సరాసరి పెడితే ఏది ఊరుకుంటుంది?"

"గ్రానైటేనమ్మా. క్వార్ట్జ్‌లో జిగురు ఉంటుంది, కాలే గిన్నె పెడితే మచ్చ పడిపోతుంది. కాకపోతే గ్రానైట్ మీద నూనో పసుపో ఒలికితే వెంటనే తుడవాలి, లేకపోతే పీల్చేస్తుంది."

"తుడవడం నాకు కొత్త కాదు. గ్రానైటే వెయ్యి."

అంతా కలిపి అరనిమిషం పట్టింది. టీ అవసరం రాలేదు. తర్వాత ఆమె గోడ పక్కన నిలబడింది. ఈసారి సుద్దగీత మాస్టారే గీశాడు, వంగి.

వరహాలమ్మ ఇప్పుడు నిలబడే వండుతోంది. కానీ గడిచిన ఆ మూడు నెలలు తిరిగి రాలేదు. మెట్లు ఎక్కాలంటే ఆమెకి కర్ర కావాల్సి వచ్చింది. ఆ కర్ర కొనడానికి మాస్టారు ఊళ్ళో ఎవరినీ అడగలేదు. ఆమెనే దుకాణానికి తీసుకెళ్ళి, కర్ర చేతికిచ్చి, "ఎత్తు సరిపోయిందా?" అన్నాడు.

నీతి: ఎవరి కోసం మేలు చెయ్యాలనుకుంటామో మొదట వాళ్ళనే అడగాలి, వాళ్ళని అడగకుండా చేసిన మేలు వాళ్ళకే బరువవుతుంది.